రేపటి చిట్టా

రాత్రి పదిన్నరకు లైట్లు తీసేస్తారు. అంతకు కాసేపటి ముందు, మంచం మీద కూర్చున్న కుర్రాడి చేతికి ఓ కాగితం, పెన్ను ఇచ్చి ఐదు నిమిషాలు రాయమంటారు. అప్పటికే అతని నెత్తి మీద, కళ్ల పక్కన, గడ్డం దగ్గర సన్నటి తీగలు అంటించి ఉన్నాయి. గదిలో ఫోన్ ఉండకూడదు, చదువుకునే పుస్తకాలుండకూడదు. రాయడం అయ్యాక చేయాల్సిన పని ఒక్కటే, పడుకోవడం.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం చేసిన ప్రయోగం ఇది. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. 18 నుంచి 30 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులు 57 మంది అందులో పాల్గొన్నారు. వారాంతం కాకుండా, మర్నాడు కాలేజీ, ఉద్యోగం ఉన్న మామూలు రోజునే వాళ్లను నిద్ర ప్రయోగశాలకు పిలిచారు. వాళ్లను చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు రేపు, ఆ తర్వాతి కొద్ది రోజుల్లో చేయాల్సిన పనులన్నీ రాయాలి. రెండో జట్టు గడిచిన కొద్ది రోజుల్లో పూర్తి చేసిన పనులు రాయాలి.

ఎవరికి ముందు నిద్ర పట్టి ఉంటుంది? అడిగితే చాలామంది రెండో జట్టు పేరే చెబుతారు. చేసేసిన పనులు తలుచుకుంటే తృప్తిగా ఉంటుంది కదా, మిగిలిన పనులు తలుచుకుంటే ఉన్న నిద్ర కూడా పోతుంది కదా అని. జరిగింది మాత్రం దీనికి తలకిందులు. చేయాల్సిన పనులు రాసినవాళ్లకు సగటున 16 నిమిషాల్లో నిద్ర పట్టింది. చేసిన పనులు రాసినవాళ్లకు 25 నిమిషాలు పట్టింది. అంటే తొమ్మిది నిమిషాల తేడా. వినడానికి ఇదేం పెద్ద అంకె కాదు. కానీ నిద్రమాత్రలు కూడా, జనం అనుకునేట్టు గంటలకు గంటలు కలిపేవేమీ కావు. వాటితో ముందుకు జరిగేదీ నిమిషాల లెక్కలోనే ఉంటుంది. ఒక తెల్లకాగితం ఆ మాత్రం పని చేసిందంటే పట్టించుకోవాల్సిందే.

ఈ లెక్క మీద నమ్మకం కలగడానికి ఆ తీగలే కారణం. నిద్ర ఎప్పుడు పట్టిందని మనిషిని అడిగితే సరైన జవాబు రాదు. ముఖ్యంగా నిద్ర సరిగా పట్టనివాళ్లు తాము మేలుకొని ఉన్న సమయాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చెబుతారు. అబద్ధమాడి కాదు, వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. మెదడు తరంగాలు మాత్రం మొహమాటపడవు. కళ్లు మూసుకుని ఊరికే పడుకున్నప్పుడు సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు తెర మీద కనిపిస్తుంటాయి. కునుకు పట్టేసరికి అవి పలచబడి, సెకనుకు 4 నుంచి 7 సార్లు మాత్రమే ఊగే థీటా తరంగాలు మొదలవుతాయి. కనుగుడ్లు రెప్పల వెనక మెల్లగా అటూ ఇటూ దొర్లుతాయి. గడ్డం దగ్గరి కండరం బిగువు సడలుతుంది. ఈ మూడూ చూసి, ఇదిగో ఇక్కడ పట్టింది నిద్ర అని గీత గీసి చెప్పొచ్చు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం సగటు అంకె కాదు, దాని లోపల దాగిన ఇంకో సంగతి. రేపటి పనులు రాసినవాళ్లలో ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్రపోయారు. చేసిన పనులు రాసినవాళ్లలో మాత్రం గాలి ఎదురు దిక్కుకు వీచింది. వివరంగా రాసినకొద్దీ నిద్ర ఆలస్యమయ్యే ధోరణి కనిపించింది.

వివరంగా అంటే ఎలా? మన ఇళ్లలో ఒక చీటీ చూద్దాం. "మామయ్యగారి కళ్లు. కరెంటు బిల్లు. పెద్దాడి ఫీజు. ఆఫీసు పని." రాసినవాళ్లకు రాసిన తృప్తే గానీ ఈ చీటీ దేన్నీ తేల్చలేదు. మామయ్యగారి కళ్లకు ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి, ఎవరు చేయాలి అన్న మూడు ప్రశ్నలూ దిండు మీద తల పెట్టగానే మళ్లీ లేస్తాయి. అదే చీటీ ఇలా ఉందనుకోండి: "పొద్దున పదింటికి కంటాసుపత్రికి ఫోన్ చేసి మామయ్యగారికి శనివారం టోకెన్ తీసుకోవాలి. పాత రిపోర్టు బీరువా కింది అరలో, ప్లాస్టిక్ కవర్లో ఉంది. శనివారం నాకు కుదరదు కాబట్టి తమ్ముణ్ని రమ్మని రేపు మధ్యాహ్నం చెప్పాలి." ఇక రాత్రి పన్నెండింటికి లేచి వెతుక్కోవడానికి అందులో ఏమీ మిగల్లేదు.

దినచర్య రాయడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి, కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చేదాకా మజిలీ మజిలీకీ చూసినవన్నీ రాసుకుంటూ పోయారు. 1838లో అచ్చయిన ఆ 'కాశీయాత్ర చరిత్ర' లేకపోతే అప్పటి దారులు, సత్రాలు, అంగళ్ల గురించి మనకు తెలిసేది చాలా తక్కువ. గురజాడ అప్పారావు ఇంగ్లీషులో డైరీలు రాసుకున్నారు. ఇవన్నీ జరిగినదాన్ని భద్రపరిచే రాతలు. చరిత్రకు అవే కావాలి, కాదనేవారెవరు? కానీ డైరీ అనగానే మనకు ఇలాంటివే గుర్తుకు రావడం వల్ల, పడుకునే ముందు రాయమంటే పొద్దున లేచింది మొదలు ఆ రోజు జరిగిందంతా వరసపెట్టి రాయాలనుకుంటాం. బేలర్ ప్రయోగంలో ఆలస్యంగా నిద్రపోయినవాళ్లు రాసింది సుమారుగా అదే బాపతు.

ఇంతకీ రేపటి పనులు రాస్తే నిద్రెందుకు పడుతుంది? దీని మూలం తెలియాలంటే దాదాపు వందేళ్లు వెనక్కి, బెర్లిన్ వెళ్లాలి. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దగ్గర బ్లూమా జైగార్నిక్ అనే యువతి పరిశోధన చేసేది. వడ్డించేవాడు డబ్బు కట్టని బల్లల ఆర్డర్లన్నీ గుర్తుంచుకుంటాడని, డబ్బు చేతికి రాగానే మరిచిపోతాడని హోటల్లో కూర్చున్నప్పుడు గమనించారని, అక్కణ్నుంచే ఈ ఆలోచన పుట్టిందని ఓ కథ ప్రచారంలో ఉంది. ఆమె తన ప్రయోగాల్లో మనుషులకు చిన్న చిన్న పనులు ఇచ్చింది. పూసలు గుచ్చడం, మట్టితో బొమ్మ చేయడం, పొడుపు లెక్కలు విప్పడం లాంటివి. కొన్నిటిని పూర్తి కానిచ్చింది, కొన్నిటిని మంచి ఊపులో ఉండగా ఆపేసింది. తర్వాత ఏయే పనులు చేశారో చెప్పమంటే, మధ్యలో ఆగినవే ఎక్కువగా గుర్తొచ్చాయి. 1927లో ఆమె దీన్ని ప్రచురించింది.

పాఠ్యపుస్తకాలు ఈ కథను ఇక్కడే ఆపేస్తాయి. తర్వాతివాళ్లు ఆ ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేసినప్పుడు, ఆగిన పని ఎక్కువ గుర్తుండటం ఒకచోట తేలింది, ఇంకోచోట తేలలేదు. గట్టిగా నిలబడింది వేరే సంగతి. లెవిన్ శిష్యురాలే అయిన మరియా ఓవ్‌సియాన్‌కినా 1928లో చూపించింది దాన్ని. మధ్యలో ఆపిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, పైసా లాభం లేకపోయినా, సందు దొరగ్గానే మనుషులు మళ్లీ చేతిలోకి తీసుకుంటారు. నిద్ర విషయంలో నాకు జ్ఞాపకం కంటే ఈ లాగుడే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. పగలంతా ఫోన్లు, మనుషులు, ట్రాఫిక్ మధ్య సందు దొరకదు. ఆగిన పనులన్నిటికీ ఖాళీగా చిక్కే మొదటి సందు మంచమే.

మరి అర్ధరాత్రి ఆ పనులేవీ పూర్తి చేయలేం. టోకెన్ కౌంటరు తెరిచి ఉండదు. ఇక్కడే 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాలు పనికొస్తాయి. పూర్తి కాని పనుల్ని గుర్తు చేసి, ఆపైన ఒక నవల్లోంచి కొన్ని పేజీలు ఇచ్చి చదవమంటే, పాల్గొన్నవాళ్ల ధ్యాస పుస్తకం మీద నిలవలేదు. పని మధ్యమధ్యలో తలలో దూరుతూనే ఉంది. ఇంకో జట్టుకు అదే పనిని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తారో ముందుగా రాయమన్నారు. చదువుతుండగా ఆ పని వాళ్లను వేధించలేదు. గమనించండి, ఆ పనిలో వీసమెత్తు కూడా జరగలేదు. పథకం ఒక్కటే కుదిరింది. మెదడు దాన్నే చాలనుకుంది. అందుకే మొదటి చీటీ లాంటిది రాసినా రాయనట్టే, రెండో చీటీలో మాత్రం సంగతి ఉంది.

రాయకుండా, ఆలోచనల్ని బలవంతాన ఆపేస్తే కుదరదా? మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దని రోగికి చెప్పిన వైద్యుడి కథ మనందరికీ తెలుసు. 1987లో డేనియల్ వెగ్నర్ దాదాపు ఆ కథనే ప్రయోగశాలలోకి తెచ్చాడు, కోతి బదులు తెల్ల ఎలుగుబంటి పెట్టి. ఐదు నిమిషాల పాటు ఎలుగుబంటిని తలుచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఇక తలుచుకోవచ్చు అని వదిలేస్తే, మొదటి నుంచీ తలుచుకోమన్నవాళ్ల కంటే వీళ్లే ఎక్కువగా తలుచుకున్నారు. నిద్రపోవాలి, ఏమీ ఆలోచించకూడదు అని పళ్లు బిగించుకుని పడుకునేవారి గతీ ఇంతే. పైగా వాళ్లకు ఇంకో అలవాటు ఉంటుంది, గడియారం చూడటం. పదకొండున్నర అయింది, ఇప్పుడు పట్టినా ఆరు గంటలే. పన్నెండు దాటింది, ఇక ఐదున్నరే. ఈ కూడికలు తీసివేతలే గుండె వేగాన్ని పెంచుతాయి. నిద్ర పట్టే వేళకు ఒంటి వేడి కాస్త తగ్గాలి, ఒళ్లు నెమ్మదించాలి. బెంగ దీన్నంతా వెనక్కి నెడుతుంది. పగలంతా మెదడులో పేరుకున్న అడెనోసిన్ నిద్ర వైపు లాగుతుంటే, బెంగ మెలకువ వైపు లాగుతుంటుంది. ఒళ్లు అలిసిపోయినా కన్ను మూతపడకపోవడం ఈ పెనుగులాట ఫలితమే.

ఇంతవరకూ చెప్పింది పనుల గురించి. మనసులో కూర్చునేవన్నీ పనులు కావు. తోడికోడలు అన్న మాట, పై అధికారి నలుగురిలో చేసిన అవమానం, పోయిన మనిషి. వీటికి టోకెన్ తీసుకునే కౌంటరు ఉండదు. వీటిని రాయడానికి వేరే శాస్త్రం ఉంది, దాని స్వభావం కూడా వేరు.

1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 46 మంది కాలేజీ విద్యార్థులను వరసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున రాయమన్నారు. కొందరు ఏవో మామూలు విషయాలు రాశారు. కొందరు తమ జీవితంలో బాగా బాధపెట్టిన సంఘటన గురించి, జరిగింది ఏమిటో, అప్పుడు ఏమనిపించిందో రెండూ కలిపి రాశారు. తర్వాతి ఆరు నెలల్లో ఈ రెండో రకంవాళ్లు కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. అప్పట్నుంచీ దీని మీద వందకు పైగా ప్రయోగాలు జరిగాయి. 2006లో జోవాన్ ఫ్రాటరోలి అలాంటి 146 ప్రయోగాలను కలిపి లెక్క తీస్తే, మేలు ఉన్నమాట నిజమే, కాకపోతే చిన్నది అని తేలింది. రాస్తే రోగాలన్నీ పోతాయని చెప్పే పుస్తకాలు ఈ రెండో ముక్కను మింగేస్తాయి.

ఏ రాత మేలు చేస్తుందో కూడా పెన్నెబేకర్ కంప్యూటర్ సాయంతో వెతికాడు. మొదటి రోజు కోపం, ఏడుపు కక్కేసి, చివరి రోజు దాకా అదే కక్కుతూ పోయినవాళ్లకు పెద్దగా ఒరిగింది లేదు. రోజులు గడిచేకొద్దీ "ఎందుకంటే", "అందుకే", "ఇప్పుడు అర్థమవుతోంది" లాంటి మాటలు పెరిగినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. అంటే గోడు ఒక కథగా మారాలి. గోడు గోడుగానే ఉంటే అది కాగితం మీద చేసే బెంగ, అంతే. మాటల్లో పెట్టడం వరకు చూసినా ఫలితం ఉంది. 2007లో కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌లో చూపించిందేమిటంటే, కోపంగానో భయంగానో ఉన్న మొహం చూసినప్పుడు ఆ భావానికి పేరు పెడితే, భయానికి స్పందించే అమిగ్డలా భాగంలో కదలిక తగ్గుతుంది.

ఇన్ని మంచి మాటలు చెప్పాక ఒక చిక్కు చెప్పాలి. 1986 నాటి ఆ విద్యార్థులకు రాసిన వెంటనే హాయిగా ఏమీ అనిపించలేదు. మనసు ఇంకా పాడయింది, రక్తపోటు పెరిగింది. మేలు కనిపించింది నెలల తర్వాత. పుండు కడిగితే ముందు మండుతుంది. ఆ మంటతో దీపం ఆర్పేసి నిద్రపొమ్మంటే ఎవరివల్ల అవుతుంది? పడుకునే ముందు మనసులోని బరువంతా కాగితం మీద దించేయండి అని ఇచ్చే సలహాతో నాకున్న పేచీ ఇదే. దించాల్సిందే, కానీ ఆ వేళకు కాదు.

నిద్రలేమికి వైద్యం చేసేవాళ్లు ఈ సంగతి ముందే కనిపెట్టారు. కోలిన్ ఎస్పీ అనే స్కాట్లండ్ నిపుణుడు తన రోగులకు "రోజును పడుకోబెట్టడం" అనే పద్ధతి నేర్పుతాడు. రాత్రి ఏడు ప్రాంతంలో, భోజనానికి అటో ఇటో, ఇరవై నిమిషాలు కూర్చోవాలి. పడకగదిలో కూర్చోకూడదు. ఆ రోజు ఎలా గడిచింది, ఏది తేలలేదు, రేపు ఏం చేయాలి, అంతా అక్కడే రాసి పుస్తకం మూసేయాలి. 2006లో కొలీన్ కార్నీ, విలియం వాటర్స్ నిద్ర పట్టని కాలేజీ విద్యార్థులతో ఇలాంటిదే చేయించారు. కాగితాన్ని రెండు గడులు చేసి, ఒకదాంట్లో వేధిస్తున్న సమస్య, రెండోదాంట్లో దానికి చేయగల మొదటి అడుగు. పరిష్కారం మొత్తం అక్కర్లేదు, మొదటి అడుగు చాలు. రెండో గడి లేకుండా బెంగలు మాత్రమే రాసినవాళ్లతో పోలిస్తే, వీళ్లకు పడుకున్నాక ఆలోచనల రొద తగ్గింది.

పడకగది వద్దనడానికి కారణం 1972లోనే రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడు. మంచం మీదే లెక్కలు, మంచం మీదే గొడవలు, మంచం మీదే ఫోన్ అయితే, మంచం చూడగానే మెదడు నిద్రకు కాదు, వాటికి సిద్ధపడుతుంది. మన ఇళ్లలో ఇది అంత సులువు కాదన్నది వేరే మాట. ఒకే గదిలో పిల్లల చదువులు, టీవీ సీరియల్, పడకలు అన్నీ జరిగే ఇళ్లు ఎన్ని లేవు! అలాంటప్పుడు వంటింటి గట్టు దగ్గరో, గుమ్మం మెట్ల మీదో కూర్చుని రాసుకోవచ్చు. పరుపు ఎక్కాక మాత్రం పెన్ను పట్టకపోతే అదే పదివేలు.

ఫోన్‌లోనే నోట్స్ ఉంది కదా, దాంట్లో టైపు చేసుకుంటే పోలా అంటారు పిల్లలు. మన కంటి రెటీనాలో వస్తువుల్ని చూడటానికి కాకుండా, పగలా రాత్రా అని మెదడుకు చెప్పడానికే కొన్ని కణాలున్నాయి. 480 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగు పడితే అవి బాగా స్పందిస్తాయి. 2015లో బోస్టన్‌లో ఆన్-మేరీ చాంగ్ బృందం 12 మందిని రెండు వారాలు ఆసుపత్రిలోనే ఉంచి చూసింది. రాత్రి పడుకునే ముందు నాలుగు గంటలు వెలిగే తెర మీద పుస్తకం చదివిన రోజుల్లో, అచ్చు పుస్తకం చదివిన రోజులతో పోలిస్తే నిద్ర పట్టడానికి దాదాపు పది నిమిషాలు ఎక్కువ పట్టింది. రాత్రి అయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ గడియారం గంటన్నర వెనకబడింది. నాలుగు గంటలు నిండు వెలుగు చూడటం ఎక్కడ, ఐదు నిమిషాలు టైపు చేయడం ఎక్కడ అనొచ్చు. నిజమే. కానీ చీటీ రాద్దామని ఫోన్ తెరిచి ఐదు నిమిషాల్లో మూసినవాళ్లను నేనైతే చూడలేదు. వాట్సాప్ ఊరుకోదు.

నోటుబుక్కు కూడా ఖరీదైంది అక్కర్లేదు. తోలు అట్టలు, రిబ్బను గుర్తు, పేజీకో సూక్తి ఉన్న జర్నల్స్ ఇప్పుడు వేలల్లో అమ్ముతున్నారు. అంత అందమైన కాగితం మీద మామయ్యగారి టోకెన్ సంగతి రాయడానికి చెయ్యి రాదు. పిల్లల పాత నోటుబుక్కుల్లో మిగిలిపోయిన కాగితాలు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి.

పడుకోబోయే ముందు మంచి సంగతులు రాసుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించిన పరిశోధనలో, నాడీ కండరాల జబ్బులున్నవాళ్లు మూడు వారాల పాటు రోజూ తమకు దక్కిన మేళ్లు రాసుకుంటే, నిద్ర ఎక్కువసేపు పట్టిందని వాళ్లే చెప్పారు. తీగలు అంటించి కొలిచింది కాదు, చెప్పింది విని రాసుకున్నది. అయినా ఇందులో పోయేదేమీ లేదు. మంటపెట్టే రాత కాదు కాబట్టి పడుకునే ముందు రాసినా ఫరవాలేదు.

బేలర్ ప్రయోగం గురించి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అందులో ఉన్నవాళ్లు కుర్రాళ్లు, ఆరోగ్యవంతులు, చూసింది ఒకే ఒక్క రాత్రి. ఏళ్ల తరబడి నిద్ర పట్టక బాధపడేవాళ్లకు అవే తొమ్మిది నిమిషాలు కలిసొస్తాయని దాన్నిబట్టి చెప్పలేం. వారంలో మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదంటే అది చీటీతో సర్దుకునే వ్యవహారం కాదు, వైద్యుణ్ని కలవాలి. అలాంటివాళ్లకు మాత్రల కంటే ముందు నిద్ర అలవాట్లను, ఆలోచనల తీరును మార్చే ప్రవర్తనా చికిత్స ఇవ్వాలని అమెరికా వైద్యుల సంఘం 2016లో సూచించింది. ఎస్పీ పద్ధతి, బూట్జిన్ పద్ధతి రెండూ ఆ చికిత్సలో భాగాలే.

ఇక మన ఇళ్లకు సంబంధించిన చిక్కు ఒకటుంది, పాశ్చాత్య పరిశోధనలు దాని జోలికి పెద్దగా పోవు. మన దగ్గర డైరీ దాచుకోవడానికి చోటుండదు. బీరువా అందరిదీ, పుస్తకాల అర అందరిదీ, తెరిచి చదవడం తప్పని కూడా ఎవరూ అనుకోరు. ఎవరైనా చదువుతారేమో అన్న భయంతో రాసేది మనసులో మాట కాదు, వాళ్లు చదవడానికి వీలైన మాట. పెన్నెబేకర్ తన విద్యార్థులకు పేరు రాయక్కర్లేదని, ఎవరికీ చూపించబోమని ముందే భరోసా ఇచ్చింది అందుకే. కాబట్టి సాయంత్రం రాసే కష్టసుఖాల కాగితాన్ని రాశాక చించేయొచ్చు, పొయ్యిలో పడేయొచ్చు. మేలు చేసేది రాయడమే, దాచుకోవడం కాదు. రేపటి చిట్టాకు మాత్రం ఈ బాధ లేదు. దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటించినా ఎవరూ ఏమీ అనుకోరు. కరెంటు బిల్లు ఎదురుగా తమ్ముడి పేరు రాసేసి పడుకోవచ్చు కూడా.